ఆబర్న్ లోయల్లో ఒక్కరోజు హైకులు: ట్రైల్ కన్నా ముందు నెల చూడండి

మీరు అడిగింది ఇది: కాలిఫోర్నియాలో రోజ్‌విల్‌కి కొత్తగా మారారు. మార్చి మొదట్లో మీ అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఆగస్టు దాకా ఉంటారు. తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. ఆబర్న్ చుట్టుపక్కల అమెరికన్ నది లోయల్లో పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేసే హైకుల్లో ఏవి అందంగా ఉంటాయి, ఏవి మీ ఇంటిల్లిపాదికీ సరిపోతాయి? మీవారు ఫొటోలు చూసి స్టీవెన్స్ ట్రైల్ మీద మనసు పడ్డారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి. పిల్లలు నీళ్ళ దగ్గరికి వెళ్తారంటే మీకు టెన్షన్.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెద్దవాళ్ళు వచ్చాక మొదటి నడకకి, నది పాయలు రెండూ కలిసే సంగమం దగ్గర్నుంచి నో హ్యాండ్స్ బ్రిడ్జ్ అనే పాత రైలు వంతెన దాకా వెళ్ళండి. మార్చి నెలాఖరులోనో ఏప్రిల్ మొదట్లోనో పూల కోసం బ్రిడ్జ్‌పోర్ట్ దగ్గర బటర్‌మిల్క్ బెండ్‌కి వెళ్ళండి. పిల్లలతో మీ ఇద్దరూ లేక్ క్లెమెంటైన్ ట్రైల్ చేయండి. స్టీవెన్స్ ట్రైల్‌కి మీవారు ఏప్రిల్‌లో తోడుగా ఒక స్నేహితుణ్ణి తీసుకుని వెళ్ళాలి, ఈ ఏడాదికి పిల్లలు వద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ లోయల్లో మధ్యాహ్నపు నడక ఏదీ పెట్టుకోవద్దు. కారణాలు కాస్త వివరంగా రాస్తాను. అవి తెలిస్తే నేను ఇక్కడ రాయని ట్రైల్ ఎదురైనా మీరే అంచనా వేసుకోగలరు.

కొండ ఎక్కే దారిలో కష్టం ముందే వస్తుంది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం, చాలనిపిస్తే వెనక్కి తిరుగుతాం, దిగడం తేలిక. లోయలో ఇదంతా తిరగబడుతుంది. ఆబర్న్ ఊరు సుమారు 1,200 అడుగుల ఎత్తున ఉంటే, నార్త్ ఫోర్క్, మిడిల్ ఫోర్క్ అనే రెండు పాయలు కలిసే చోటు 550 అడుగుల దగ్గర ఉంది. పైన కారు ఆపి, పొద్దున చల్లగాలిలో హాయిగా దిగుతాం. నది కనబడగానే ఇంకాస్త దూరం, ఇంకాస్త దూరం అనిపిస్తుంది. తిరుగు ప్రయాణం మొదలయ్యేసరికి ఎండ నడినెత్తి మీద ఉంటుంది, సీసాలో నీళ్ళు సగానికి వచ్చి ఉంటాయి, కాళ్ళు అలిసి ఉంటాయి. ఎక్కుడంతా అప్పుడు ఎదురవుతుంది. నేను ఈ లోయల్లో ఇబ్బంది పడగా చూసినవాళ్ళలో దాదాపు అందరూ తిరుగు దారిలోనే పడ్డారు.

అందుకని ఏ ట్రైల్ చూసినా మైళ్ళకంటే ముందు రెండు విషయాలు తెలుసుకోండి. మొదటిది, ఎక్కుడు ఎప్పుడు వస్తుంది. యాప్‌లో మొత్తం ఎన్ని అడుగులు ఎక్కాలో చూసి వదిలేయకుండా, ఎత్తుపల్లాల గీతను తెరిచి చూడండి. ఎడమవైపు దిగుతూ పోయి కుడివైపు ఏకబిగిన పైకి లేచిందంటే అది లోయ హైక్ అన్నమాట. దానికి ఉన్న రేటింగ్‌కి మీరు ఇంకో మెట్టు కష్టం కలుపుకోవాలి. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం ఎక్కడానికి ఉంచుకోండి. మూడు గంటలే చేతిలో ఉంటే గంట నడిచాక, నది ఎంత దగ్గర్లో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. పిల్లలుంటే ఆ గంట మధ్యలో ఆగిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది.

రెండోది, దారి లోయకి ఏ పక్కన ఉంది. దక్షిణం వైపు చూసే వాలు మీద గడ్డి, అక్కడక్కడా ఓక్ చెట్లు, బూడిదరంగు ఆకుల గ్రే పైన్లు ఉంటాయి. నీడ తక్కువ, పూలు తొందరగా వస్తాయి, ఎండా తొందరగానే వస్తుంది. ఉత్తరం వైపు చూసే వాలు మీద చెట్లు గుబురుగా, రాళ్ళ మీద నాచు, గట్ల మీద ఫెర్న్ మొక్కలు కనిపిస్తాయి. ఒకే నదికి ఇటూ అటూ ఉన్న రెండు దార్లు మే నెలలో రెండు వేరే ఊళ్ళలా ఉంటాయి. మ్యాప్‌లో నది ఎటు పారుతోందో, దారి ఏ ఒడ్డున ఉందో చూస్తే నీడ ఏ పూట ఉంటుందో ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది.

ఇక నెలలు. సియెర్రా పర్వతాల పైభాగం మంచుతో మూసుకుపోయి ఉండే కాలమే ఈ దిగువ కొండలకు మంచి రోజులు. ఇక్కడ మంచు పడటం అరుదు. నవంబరులో వానలు మొదలైతే ఎండిన గడ్డి కింద నుంచి పచ్చదనం లేస్తుంది, ఫిబ్రవరికల్లా కొండలన్నీ పచ్చబడతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో రెడ్‌బడ్ చెట్లు ఆకు తొడగకముందే కొమ్మ పొడవునా ముదురు గులాబీ రంగు పూలతో నిండిపోతాయి. నారింజరంగు పాపీలు, నీలి లూపిన్లు వాలంతా పరుచుకుంటాయి. వాగులు నిండుగా ఉంటాయి కాబట్టి చిన్న జలపాతాలు చూడాలన్నా ఇదే సమయం. మే సగానికల్లా గడ్డి బంగారు రంగుకి తిరుగుతుంది. జూన్ నుంచి 90లు, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు సంగతి, పైగా లోయ అడుగున గాలి ఆడదు. అక్టోబరు చివర మళ్ళీ మొదలు. అప్పుడు నీళ్ళు తక్కువ, కానీ అద్దంలా తేటగా ఉంటాయి, రద్దీ ఉండదు. పెద్దవాళ్ళు మార్చిలో వస్తున్నారు కాబట్టి మీకు చేతిలో ఉన్నవి పది వారాలు. వచ్చిన కొత్తలో జెట్‌లాగ్ తగ్గే దాకా ఆగి, ఆ పది వారాల్నీ ఈ లోయలకే ఇవ్వండి. పైన కొండల్లో ఉన్న లేక్ టాహో సరస్సు జులైలో చూడొచ్చు.

సంగమంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది మీ ఆరుగురికీ సరిపోయే చోటు. హైవే 49 మీద ఆబర్న్ నుంచి కిందికి దిగితే నది దగ్గర పార్కింగ్ కనిపిస్తుంది. రుసుం కట్టాలి. హైవే వంతెన దాటాక అవతలి ఒడ్డున, అంటే ఎల్డొరాడో కౌంటీ వైపు, పాత రైలు కట్ట మీదుగా దారి మొదలవుతుంది. రైళ్ళ కోసం వేసిన కట్ట కావడంతో ఎత్తుపల్లాలు దాదాపు లేవు. మైలు కూడా నడవకుండానే నో హ్యాండ్స్ బ్రిడ్జ్ వస్తుంది. సున్నపురాయి గని నుంచి రాయి తరలించడానికి 1912లో కట్టిన కాంక్రీట్ కమానుల వంతెన ఇది. చాలా ఏళ్ళు పిట్టగోడ లేకుండా ఉండటంతో ఆ పేరు వచ్చింది, ఇప్పుడు రెండు పక్కలా కంచె ఉంది. 1964 డిసెంబరు వరదల్లో పైన ఇంకా కడుతున్న హెల్ హోల్ డ్యామ్ తెగిపోయి, ఆ ప్రవాహానికి హైవే 49 వంతెన కొట్టుకుపోయింది. ఇది మాత్రం నిలబడింది. మామయ్యగారికి ఇలాంటి కట్టడాలంటే ఆసక్తి ఉంటే వంతెన మధ్యలో నిలబడి వెనక్కి తిరిగి చూడమనండి. దూరంగా ఆకాశంలో గీసినట్టు ఫారెస్ట్‌హిల్ బ్రిడ్జ్ కనిపిస్తుంది.

ఆ పెద్ద వంతెన కథ తెలిస్తే ఈ లోయని చూసే చూపే మారుతుంది. నది నుంచి 730 అడుగుల ఎత్తున, 1973లో దాన్ని పూర్తిచేశారు. ఆబర్న్ డ్యామ్ కడితే ఈ లోయంతా మునిగిపోతుంది, అప్పుడు జలాశయం మీదుగా రోడ్డు ఉండాలి కదా, దానికోసం అంత ఎత్తున కట్టారు. 1975లో ఒరోవిల్ దగ్గర భూకంపం వచ్చాక డ్యామ్ భద్రత మీద అనుమానాలు మొదలై పని ఆగిపోయింది, తర్వాత ఆ డ్యామ్ పూర్తి కాలేదు. మీరు పిల్లల చెయ్యి పట్టుకుని నడిచే ఒడ్డు, పాపీలు పూసే వాలు, రెండు పాయలు కలిసే ఆ ఇసుక తిన్నె అన్నీ నీటి అడుగున ఉండాల్సినవి. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఈ లోయ ఇలా మనకి మిగలడం ఎంత పెద్ద సంగతో అనిపిస్తుంది నాకు.

నో హ్యాండ్స్ బ్రిడ్జ్ దాటాక ఆబర్న్ వైపు ఇంకొంచెం దూరం వెళ్తే దారి పక్కనే బ్లాక్ హోల్ ఆఫ్ కల్‌కటా ఫాల్స్ అని చిన్న జలపాతం ఉంది. వసంతంలో చూడముచ్చటగా ఉంటుంది, వేసవిలో సన్నబడిపోతుంది. అత్తయ్యగారు వంతెన దగ్గరే కూర్చుంటానంటే ఎవరైనా ఒకరు తోడుండి, మిగతావాళ్ళు అక్కడిదాకా వెళ్ళి రావచ్చు. అక్కడి నుంచి ఊరి వైపు పోయే దారి మాత్రం బాగా ఎక్కుడు, అటు పోవద్దు.

లేక్ క్లెమెంటైన్ ట్రైల్ కూడా సంగమం దగ్గరే మొదలవుతుంది. ఓల్డ్ ఫారెస్ట్‌హిల్ రోడ్ మీద ఉన్న వంతెనకి తూర్పు కొస నుంచి నార్త్ ఫోర్క్ వెంట ఎగువకి పోవాలి. రానూపోనూ నాలుగు, నాలుగున్నర మైళ్ళు. పొద్దున పూట ఈ ఒడ్డున కొండ నీడ ఉంటుంది, అందుకే పిల్లలతో వెళ్ళేవాళ్ళకి దీన్నే ముందు చెప్తాను. కాసేపట్లోనే ఫారెస్ట్‌హిల్ బ్రిడ్జ్ సరిగ్గా నెత్తి మీదికి వస్తుంది. పైన లారీ పోతే ఆ చప్పుడు కిందికి వినిపిస్తుంది. తల వెనక్కి వాల్చి చూస్తే ఇనుప చట్రం మధ్యనుంచి ఆకాశం ముక్కలుగా కనిపిస్తుంది. మీ బాబు కదలడు అక్కడ. తర్వాత క్లార్క్స్ హోల్ అనే మడుగు దాటి, దారి మెల్లగా ఎక్కి లేక్ క్లెమెంటైన్ రోడ్‌లో కలుస్తుంది. చివర్న 1939లో కట్టిన నార్త్ ఫోర్క్ డ్యామ్ ఉంది. కొండల్ని నీటిగొట్టాలతో కోసి బంగారం తీసిన రోజుల్లో కొట్టుకొచ్చే మట్టీ రాళ్ళూ కిందికి పోకుండా ఆపడానికి కట్టింది. దానికి తలుపులు ఎత్తడం, దించడం లేదు, నిండిన నీళ్ళు అంచు మీదుగా ఒకే తెల్లటి తెరలా జారిపడతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ హోరు దారి మలుపు తిరగకముందే చెవిన పడుతుంది. ఈ దారిలో ఎక్కుడు వెళ్ళేటప్పుడే ఎక్కువ, తిరిగి వచ్చేటప్పుడు దిగుడు. లోయలో ఇలాంటి దారి దొరకడం అరుదు, పిల్లలతో వెళ్ళడానికి ఇంతకన్నా మంచి గుణం లేదు.

హైవే 49 పక్కనే, నది దాటిన తర్వాత, క్వారీ రోడ్ ట్రైల్ ఉంది. మిడిల్ ఫోర్క్ వెంట వెడల్పాటి పాత గని రోడ్డు, ఐదున్నర మైళ్ళకు పైగా పోతుంది. ఎంత దూరం కావాలంటే అంత దూరం వెళ్ళి తిరిగి రావచ్చు, తప్పిపోయే పనే లేదు. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగే వెడల్పు ఉండటం పెద్దవాళ్ళకి బాగుంటుంది. ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు నడవడం వాళ్ళకి విసుగు.

స్టీవెన్స్ ట్రైల్ గురించి మీవారికి ఇది చదివి వినిపించండి. కోల్‌ఫాక్స్ దగ్గర ఇంటర్‌స్టేట్ 80 పక్కన మొదలై నార్త్ ఫోర్క్ దాకా నాలుగున్నర మైళ్ళు దిగుతుంది, తిరిగి అంతా ఎక్కాలి. మొత్తం తొమ్మిది మైళ్ళు, 1,200 అడుగులకు పైగా ఎక్కుడు. 1870లో ట్రూమన్ స్టీవెన్స్ అనే ఆయన కోల్‌ఫాక్స్ నుంచి అయోవా హిల్ గనులకి వేసి, సుంకం వసూలు చేసిన దారి ఇది. గాడిదలూ గుర్రాలూ నడవడానికి వేశారు కాబట్టి వాలు నిలువుగా ఉండదు, కొండని పట్టుకుని మెల్లగా దిగుతుంది. దారిలో కేప్ హార్న్ కొండ కనిపిస్తుంది. ఖండాన్ని దాటే మొదటి రైలుమార్గం కోసం 1865, 66ల్లో చైనా కూలీల శ్రమతో ఆ కొండ పక్కని తొలిచారు. మెడ తిప్పి ఆ అంచుని చూస్తే, యంత్రాలు లేని రోజుల్లో ఆ పని ఎలా చేశారా అని గుండె బరువెక్కుతుంది. ఏప్రిల్‌లో పూలు, కింద పచ్చగా మెరిసే నది. ఈ ప్రాంతంలో ఒక్కరోజు హైకుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

అయితే దారి చాలా భాగం తూర్పు, దక్షిణం చూసే వాలు మీద ఉంది. పొద్దున్నుంచే ఎండ. సన్నటి దారి, ఒక పక్క లోయ, రెండు పక్కలా తగిలితే దద్దురు తెచ్చే పాయిజన్ ఓక్ మొక్కలు. కింద తాగునీరు దొరకదు, నది నీళ్ళు శుద్ధి చేయకుండా తాగకూడదు. తొమ్మిదేళ్ళ బాబు దిగగలడు, అనుమానం లేదు. నాలుగున్నర మైళ్ళు ఎండలో ఎక్కలేక మధ్యలో కూర్చుంటే మాత్రం ఎత్తుకుని రాగలిగే వయసు కాదు. మీవారు ఏప్రిల్‌లో ఏడింటికల్లా నడక మొదలుపెట్టి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పుగా తినేది ఏదైనా పెట్టుకుని, పదిన్నరకల్లా నది దగ్గర్నుంచి బయల్దేరేలా చూసుకుంటే ఆ రోజంతా ఆనందమే. వారాంతాల్లో అక్కడ పార్కింగ్ తొందరగా నిండుతుంది, అది కూడా పొద్దున్నే వెళ్ళడానికి ఇంకో కారణం. మేలో వాతావరణ సూచన 85 దాటితే వాయిదా వేసుకోమనండి.

జలపాతమే కావాలంటే రెండున్నాయి. హిడెన్ ఫాల్స్ ప్లేసర్ కౌంటీ పార్కు. ఓక్ చెట్ల నీడ, చక్కటి దార్లు, 30 అడుగుల జలపాతం, దాన్ని చూడటానికి చెక్క వేదిక. ఇక్కడా ముందు దిగి తర్వాత ఎక్కాలి, కానీ ఆ ఎక్కుడు కొద్దిదే. వారాంతాల్లో, సెలవు రోజుల్లో పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, లేకపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తారు. కాడ్‌ఫిష్ ఫాల్స్ రెండోది. నార్త్ ఫోర్క్ ఒడ్డునే సుమారు మైలున్నర పైచిలుకు, దాదాపు చదునైన దారి. నడక తేలికే, అక్కడికి చేరడమే కష్టం. వైమార్ నుంచి పాండరోసా వే అనే ఇరుకు మట్టిరోడ్డు మీద కొండ దిగాలి, వాన పడ్డాక చిన్న కార్లతో ఆ రోడ్డు వద్దు. పెద్దవాళ్ళకి కారులోనే భయం వేస్తుంది కాబట్టి దీన్ని మీ ఇద్దరి కోసం ఉంచుకోండి.

బటర్‌మిల్క్ బెండ్ ఉన్నది అమెరికన్ నది మీద కాదు, ఉత్తరాన సౌత్ యూబా మీద. మీకు సుమారు గంట ప్రయాణం. ఒకవైపు మైలు పైచిలుకు, పెద్దగా ఎత్తుపల్లాలు లేని దారి, కింద ఆకుపచ్చ నీళ్ళు, పక్కన పాపీలు. పూల కోసమే వెళ్ళేటట్టయితే చుట్టుపక్కల దీనికి సాటి లేదు. పార్కింగ్ దగ్గరే 1862 నాటి చెక్క కప్పు వంతెన ఉంది, మరమ్మతుల తర్వాత 2021లో మళ్ళీ తెరిచారు. అత్తయ్యగారు దాని మీద నడిచి, నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నా ఆ రోజు వృథా పోదు. కొలోమా కూడా ఇలాంటిదే. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి బంగారం కనబడిన చోటు సౌత్ ఫోర్క్ ఒడ్డున ఉంది, పిల్లలకి చరిత్ర పాఠం, పెద్దవాళ్ళకి చదునైన నేల. అక్కడికి దగ్గర్లో క్రోనన్ రాంచ్ గడ్డికొండలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కళ్ళకి పండగ, మే తర్వాత నిలబడటానికి నీడ దొరకదు.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి, అంటే నీళ్ళు. ఇక్కడ నేను ఏమాత్రం తగ్గించి చెప్పను. ఈ నదుల్లో ప్రతి ఏడూ మనుషులు పోతున్నారు, వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు. మే, జూన్ నెలల్లో పైన మంచు కరిగి నది ఉద్ధృతంగా ఉంటుంది. బయట 90 డిగ్రీలుంటే నీళ్ళు మాత్రం ఒళ్ళు కొయ్యబారేంత చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీల్చి నీళ్ళు మింగేస్తారు, కొద్ది నిమిషాల్లో చేతులూ కాళ్ళూ పట్టు తప్పుతాయి. ఒడ్డున నాచు పట్టిన రాయి పొడిగా కనబడుతూనే జారుతుంది. పిల్లలు చాలావరకు ఈతకి దిగి పడరు, ఒడ్డున రాళ్ళు విసురుతూ పడతారు.

సంగమం దగ్గర నీటిని గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వేసవిలో అక్కడ నిలబడి ఒక చెయ్యి నార్త్ ఫోర్క్‌లో పెట్టండి, పది అడుగులేసి రెండో చెయ్యి మిడిల్ ఫోర్క్‌లో పెట్టండి. మొదటిది గోరువెచ్చగా ఉంటుంది, రెండోదానికి వేళ్ళు జివ్వుమంటాయి. నార్త్ ఫోర్క్ మీద ఎగువన చిన్నదైన లేక్ క్లెమెంటైన్ తప్ప పెద్ద జలాశయాలు లేవు, మంచు కరిగిపోయాక సన్నబడి, ఎండకి వేడెక్కుతుంది. మిడిల్ ఫోర్క్ నీళ్ళు పైనున్న జలాశయాల అడుగు నుంచి, కరెంటు తయారుచేసే కేంద్రాల మీదుగా వస్తాయి. అందుకే వేసవిలో కూడా చల్లగా ఉంటాయి, అందుకే వాన చుక్క పడకపోయినా నీటిమట్టం పెరుగుతుంది. పైన ఎప్పుడో వదిలిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత ఇక్కడికి చేరతాయి. పొద్దున నడిచి వెళ్ళిన రాళ్ళ తిన్నె మధ్యాహ్నానికి నీటి మధ్యలో ఉండొచ్చు. కాబట్టి మిడిల్ ఫోర్క్‌లో ఎప్పుడూ పాయ దాటి అవతలి తిన్నె మీదకి పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. ఒడ్డున తడి గీత ఎక్కడుందో ఒక రాయి గుర్తు పెట్టుకుని చూస్తూ ఉండండి, ఆ రాయి తడిసిందంటే లేవాల్సిందే. నీళ్ళ దగ్గర కూర్చునేటప్పుడు పిల్లలిద్దరికీ సరిపడే లైఫ్ జాకెట్లు తొడగండి. బరువు తక్కువ, సంచిలో పడతాయి. ఎవరో ఒకరు ఫోన్ పక్కన పెట్టి పిల్లల్నే చూస్తూ ఉండాలి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు.

పాయిజన్ ఓక్ పిల్లలకి మొదటి రోజే చూపించండి. ఒక కాడకి మూడు ఆకులు, నడిమి ఆకుకి మాత్రమే కాస్త పొడవైన తొడిమ. వసంతంలో కొత్త ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది, వేసవి చివర్లో ఎర్రబడుతుంది. ఆ ఎరుపు అందానికే పిల్లలు కోసుకొస్తారు. చలికాలంలో ఆకులు రాలి ఒట్టి పుల్లలుగా మిగిలినా అందులో రసం ఉంటుంది, తగిలితే దద్దురు వస్తుంది. పొడుగు ప్యాంట్లు వేయండి. ఇంటికి రాగానే సబ్బుతో చల్లటి నీళ్ళతో బాగా రుద్ది కడగండి, ఆ రోజు బట్టలు విడిగా ఉతకండి. పెద్దవాళ్ళు చేతికర్ర కోసం దారిపక్క పుల్ల విరిచే అలవాటు ఉంటే అది కూడా మాన్పించాలి. వాళ్ళకి ట్రెక్కింగ్ పోల్స్ ఒక జత కొనండి. మోకాళ్ళకి దిగేటప్పుడు అవి చేసే మేలు ఇంతా అంతా కాదు.

పిడుదులు శీతాకాలం నుంచి వసంతం దాకా గడ్డి కొసల మీద, ముఖ్యంగా దారికి ఎగువ పక్కన కాచుకుని ఉంటాయి. దారి మధ్యలో నడవండి, పడిపోయిన దుంగల మీద కూర్చోవద్దు. ఇంటికొచ్చాక పిల్లల చెవుల వెనక, జుట్టులో, చంకల్లో, మోకాళ్ళ వెనక వెతకండి. గిలక పాములు మార్చి ఎండ తగిలేసరికి బయటికొస్తాయి. అడ్డంగా దుంగ ఉంటే అవతల ఏముందో చూడకుండా దాటొద్దు, కనబడని చోట చెయ్యి పెట్టొద్దు. పాము కనబడితే ఆగి, వెనక్కి జరిగి, దారి ఇస్తే అదే పోతుంది. వాటి గురించి భయపడి ఇంట్లో కూర్చోవాల్సిన పని మాత్రం లేదు.

జూన్ తర్వాత ఏం చేయాలంటే, పొద్దున ఆరింటికి సంగమం దగ్గర దిగి ఎనిమిదిన్నరకల్లా కారెక్కండి. లేదంటే సాయంత్రం ఫారెస్ట్‌హిల్ బ్రిడ్జ్ మీద కాలిబాట వెంట నడవండి. ఎత్తంటే భయం లేకపోతే పెద్దవాళ్ళకి ఎక్కుడు దిగుడు లేకుండా లోయంతా పైనుంచి కనబడే చోటు అది. జూన్ చివర్లో ఒక వారాంతం వెస్టర్న్ స్టేట్స్ అనే వంద మైళ్ళ పరుగుపందెం నో హ్యాండ్స్ బ్రిడ్జ్ మీదుగానే ఆబర్న్ చేరుతుంది. ఆ రోజు నడకకి కుదరదు కానీ, పరుగెత్తేవాళ్ళని చూడటానికి మీ బాబుని తీసుకెళ్ళండి. వేసవిలో బయల్దేరే ముందు రాత్రి మంటల వల్ల దార్లు ఏమైనా మూసేశారా, పొగ ఎంత ఉంది అన్నది స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్‌లోనూ, గాలి నాణ్యత చూపించే ఎయిర్‌నౌ సైట్‌లోనూ చూసుకోండి. లోయ అడుగున ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఉన్నవాళ్ళకి చెప్పి వెళ్ళండి.

చివర్లో కుక్కపిల్ల సంగతి కూడా అడిగారు. సంగమం చుట్టూ ఉన్న దారుల్లో తాడు కట్టి తీసుకెళ్ళొచ్చు. గుర్రాల మీద వచ్చేవాళ్ళు ఎదురైతే దాన్ని దగ్గరికి లాక్కుని, దిగువ పక్కకి జరిగి, గుర్రం మీదున్న మనిషితో ఒక మాట మాట్లాడండి, గొంతు వింటే గుర్రం బెదరదు. ఇంటికి వచ్చాక పాప దాన్ని కౌగిలించుకోకముందే స్నానం చేయించండి, పాయిజన్ ఓక్ రసం దాని బొచ్చుకి అంటి పిల్లలకి వస్తుంది.